లోపలికి పరిగెత్తిన మనిషి

పడవలో వచ్చిన ముష్కరులు బొంబాయిని మూడు రోజులు గడగడలాడించిన తర్వాతగానీ, మన దేశానికి సముద్రమనేది ఒకటుందని ఏలినవారికి గుర్తు రాలేదు. గుర్తొచ్చిందే తడవుగా తీరం పొడవునా ఉత్తర్వుల వాన కురిసింది. విషవాయువు నిలవ ఉండే ప్రతి ఫ్యాక్టరీకీ కంచె ఉండాలి. మెళ్ళో కార్డు లేని మనిషి లోపల అడుగు పెట్టకూడదు. ఉగ్రవాది వచ్చి ట్యాంకు పేల్చేస్తే ఏం చెయ్యాలో ఏడాదికోసారైనా ఉత్తుత్తి పరీక్ష పెట్టి చూసుకోవాలి. రేపోమాపో దీనికో పెద్ద చట్టమే రాబోతోందనీ, అది వచ్చేదాకా దీన్నే చట్టమనుకోమనీ ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేసి ఊరూరా పంపించారు.

ఆ పుస్తకం 2009 వేసవిలో, ఐ.పోలవరం దాటాక ఏటిగట్టు మీదున్న రొయ్యల ఫ్యాక్టరీకి వచ్చి, తిన్నగా సత్తిరాజు నెత్తిన పడింది. రొయ్యలు చెడిపోకుండా ఉండాలంటే ఐసు కావాలి, ఐసు గడ్డకట్టాలంటే అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియా మిషన్ల దగ్గర ఇరవై రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నవాడు సత్తిరాజు. ఇంటర్ ప్యాసయ్యాడు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. ఓనరుగారి అల్లుడు సాయిదుర్గాప్రసాద్ అప్పుడే మేనేజరుగా వచ్చి కొత్త కుర్చీలో కూర్చున్నాడు.

"సత్తిరాజు గారూ, ఇవాళ్టి నుంచి మీరే సేఫ్టీ ఆఫీసరు. ఈ పుస్తకంలో ఏం రాస్తే అది చేసెయ్యండి. ఇన్‌స్పెక్షన్‌కొస్తే మనకి మాట రాకూడదు" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు సత్తిరాజు. ఆఫీసరు అన్నమాట చెవిన పడేసరికి మనిషి పొంగిపోయాడు, పాపం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య రామలక్ష్మికి రెండుసార్లు చెప్పాడు.

పుస్తకం ప్రకారం మొట్టమొదట గేటు దగ్గరున్న బోర్డు పీకేశారు. లోపల ఏ వాయువుందో, అది లీకైతే గాలి ఎటు వీస్తున్నప్పుడు ఎటు పరిగెత్తాలో ఊరివాళ్ళ కోసం పెద్ద అక్షరాలతో రాసిపెట్టిన బోర్డు అది. అది చదువుకుని శత్రువు లాభం పొందుతాడట! ఊరివాడు చదువుకుని బతుకుతాడన్న సంగతి మాత్రం ఆ పుస్తకం రాసినాయనకి తట్టలేదు. ఆ తర్వాత వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క తీసేశారు. ఇదివరకు కాస్త వాసనొస్తే చాలు, సుత్తితో దాని మీద ఠంగు ఠంగుమని కొట్టేవారు. ఊరంతా తడిగుడ్డ మూతికి కట్టుకుని ఏటివైపు పోయేది. దాని స్థానంలో కరెంటు సైరన్ వచ్చింది. ఉత్తుత్తి పరీక్షకీ అదే, నిజం ప్రమాదానికీ అదే. ఒకసారి నొక్కితే మూడు నిమిషాలదాకా ఆగదు.

ఇదంతా ఒక ఎత్తు, శవాల సంగతి ఒక ఎత్తు. పరీక్షలో అయిదుగురు చచ్చిపోయినట్టు పడుకోవాలి, వాళ్ళ ఇళ్ళకి కబురు వెళ్ళాలి అని ఉంది పుస్తకంలో. ఫ్యాక్టరీలో ఈ మాట చెప్పగానే జనం సత్తిరాజు మీద విరుచుకుపడ్డారు.

"బతికున్న మనిషిని పట్టుకుని చావమంటారేంటండీ! మా ఆడాళ్ళు వింటే మిమ్మల్ని బతకనిస్తారా?"

రెండు రోజులు ఆలోచించాడు సత్తిరాజు. మూడో రోజు స్నానం చేస్తుంటే బుర్రలో వెలిగింది. కాకి నెత్తిన తన్నితే ఆ మనిషికి గండమనీ, అయినవాళ్ళకి చావు కబురు పంపి ఏడిపిస్తే ఆ గండం కన్నీళ్ళతో కొట్టుకుపోతుందనీ మనవైపు అందరికీ తెలిసిందే. ఆనక "బతికే ఉన్నాడు" అంటే ఏడ్చినవాళ్ళు నాలుగు తిట్టి, నవ్వి, టీలు తాగుతారు. ఇదీ అంతేనని నచ్చజెప్పాడు సత్తిరాజు. "గవర్నమెంటువారు ఖర్చు పెట్టుకుని మరీ మీ గండాలు పోగొడతామంటుంటే వద్దంటారేంట్రా?" అన్నాడు. అంతే, శవాలకి కొరత లేకుండా పోయింది. మాకంటే మాకని పేర్లిచ్చారు.

అందరికంటే ముందు పేరిచ్చినవాడు నాగబాబు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఐసు దిమ్మలకి కొక్కెం వేసి లాగే పని. జాతరల్లో నాటకాలు వేసేవాడు. వాడు స్టేజీ మీద చచ్చిపోతే జనం వన్స్‌మోర్ కొట్టేవారు, వాడు లేచి మళ్ళీ చచ్చిపోయేవాడు. మొదటి పరీక్షలో ఫ్యాక్టరీ ముందరి ఆవరణలో అయిదుగురినీ పడుకోబెట్టారు. కాకినాడ నుంచి అధికారులు వచ్చారు, పేపరువాళ్ళు వచ్చారు. మిగతా నలుగురూ ఎండకి కళ్ళు చికిలించారు, గోక్కున్నారు. నాగబాబు మెడ మీద ఎర్రచీమలు పాకుతున్నా ఉలుకూ పలుకూ లేదు. పెద్దాఫీసరు వంగి చూసి, నిజంగానే ఏమైనా అయిందేమోనని కంగారుపడ్డాడు. సత్తిరాజు వచ్చి భుజం తట్టాకగానీ కళ్ళు తెరవలేదు వాడు.

కబురు చెప్పడానికి సత్తిరాజే సైకిలేసుకుని వెళ్ళాడు. నాగబాబు భార్య వీరవేణి ఎండుచేపలు అమ్ముతుంది. "అమ్మా, నాగబాబు పోయాడమ్మా" అన్నాడో లేదో, చేతిలో గంప వదిలేసి నేల మీద పడి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు చూడలేక సత్తిరాజు గబగబా అసలు సంగతి చెప్పేశాడు. ఆవిడ అదే గంప తీసుకుని అతన్ని రెండు బాది, ఏడుస్తూనే నవ్వింది.

"చచ్చిపోయేననుకున్నానండి బాబాయ్ గారూ! పోన్లెండి, ఏ గండముందో పోయింది. నా తాళి గట్టిపడింది. కూర్చోండి, టీ పెడతాను."

మర్నాడు పేపర్లో నాగబాబు ఫొటో వచ్చింది. దాన్ని వాడు లామినేషన్ చేయించుకున్నాడు.

ఏడాది తిరక్కుండా ఇంకో ఉత్తర్వు వచ్చింది. పరీక్షలు తిరునాళ్ళలా జరుగుతున్నాయనీ, ఉగ్రవాది దండోరా వేయించుకుని రాడు గనక ఇకమీదట ముందుగా ఎవరికీ చెప్పకూడదనీ దాని సారాంశం. ప్లాను కాగితం సీలు వేసిన కవరులో ఉండాలి. రహస్యం బయటపెడితే జైలు. ప్రసాద్ ఈసారి శవం ఒక్కటి చాలన్నాడు, అదీ ఆవరణలో కాదు, శత్రువు దెబ్బకొట్టే చోటే ఉండాలన్నాడు. సత్తిరాజు ప్లాను రాశాడు. రాసి, మధ్యాహ్నం అన్నాల వేళ నాగబాబుని ఒక్కడినే వెంటబెట్టుకుని అమ్మోనియా ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాడు. ట్యాంకుకీ గోడకీ మధ్య ఓ మనిషి పట్టేంత సిమెంటు నేల ఉంది.

"ఇదిగో, ఇక్కడ. ఎప్పుడో చెప్పను, నాకే తెలీదు, ప్రసాద్ గారు చెప్తారు. సైరన్ మోగిందంటే నువ్వెక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఇక్కడ పడిపోవాలి. ఎవరు పిలిచినా లేవకూడదు. నేనొచ్చి భుజం తట్టేదాకా."

"ఆయ్. మా ఆవిడికి చెప్పచ్చాండీ?"

"అసలు చెప్పకూడదు. గవర్నమెంటు రహస్యమిది."

గవర్నమెంటు తనకో రహస్యం అప్పజెప్పిందనేసరికి నాగబాబు ఛాతీ వెడల్పయింది. "నా కంఠంలో ప్రాణముండగా చెప్పనండి" అన్నాడు. చెప్పలేదు కూడా.

ఆషాఢమాసంలో ఒక మంగళవారం, పదకొండు గంటల వేళ. సత్తిరాజు మిషన్ల గదిలో ఉన్నాడు. ముక్కుపుటాలు మండాయి. ఇరవై మూడేళ్ళ అలవాటు మీద ఇది మామూలు వాసన కాదని తెలిసిపోయింది. ట్యాంకు దగ్గర పైపు జాయింటు సన్నగా బుసకొడుతోంది. ఇంకో నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో ఊడిపోతుంది. ఒక్క దూకులో స్విచ్చిగదిలోకి వెళ్ళి సైరన్ నొక్కాడు. ఏం తప్పు చేశాడండీ? అంతకంటే సరైన పని ఇంకోటి ఏ మనిషీ చెయ్యలేడు.

రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు చేతుల్లోవి చేతుల్లోనే వదిలేసి పరుగెత్తారు. ప్యాకింగు వాళ్ళు, లారీ వాళ్ళు, అందరూ గేటువైపే. స్విచ్చిగది అద్దంలోంచి చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు సత్తిరాజు. అప్పుడు కనిపించాడు, ఆ గుంపుకి ఎదురు, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ఒక్కడు లోపలికి పరిగెత్తుకొస్తున్నాడు. చేతిలో కొక్కెం పారేశాడు. నాగబాబు.

"ఓరి దేవుడా! ఒరే! ఒరే, వద్దురా!"

సైరన్ హోరులో సత్తిరాజు అరుపు సత్తిరాజుకే వినపడలేదు. నాగబాబు వచ్చి, చెప్పిన చోట, చెప్పినట్టే వెల్లకిలా పడిపోయాడు. సత్తిరాజు రెండు చేతులతో అద్దం మీద దబదబా బాదాడు. వాడి తల పక్కకి వాలి ఉంది, తనని చూడలేదేమో అనుకున్నాడు. తలుపు తీసుకుని పరుగు పెట్టాడు. అతను ట్యాంకు గది గుమ్మంలోకి వచ్చేసరికి జాయింటు ఊడింది. తెల్లటి పొగ నేలని పట్టుకుని పాకుతూ వచ్చి మోకాళ్ళదాకా లేచింది. కళ్ళల్లో కారం కొట్టినట్టయి, గొంతు పూడుకుపోయింది. ఇంకో పన్నెండడుగులు వెయ్యాలి.

వెయ్యలేదు. వెనక్కి తిరిగాడు.

అంతే జరిగింది. గేటు బయటికి ఎలా వచ్చాడో తెలీదు. ఎవరో మొహాన నీళ్ళు కొట్టారు. ఫైరింజను వచ్చి, పొగ తగ్గి, మనిషిని బయటికి తెచ్చేసరికి మధ్యాహ్నమయింది. ఇద్దరు ఒలుపు ఆడవాళ్ళు ఆస్పత్రిలో చేరి బతికి బయటపడ్డారు. పోయింది ఒక్కడే.

"వాళ్ళావిడికి నువ్వే చెప్పాలయ్యా" అన్నారందరూ. ఎవరికీ కాళ్ళు ఆడలేదు. అతనికి మాత్రం ఆడాయా? అయినా వెళ్ళాడు. వాచిపోయిన కళ్ళతో సైకిలు తొక్కలేక, నడిపించుకుంటూ వెళ్ళాడు. వీరవేణి గుమ్మంలో చాప పరుచుకుని చేపలకి ఉప్పు రాస్తోంది. అతన్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"వచ్చేరాండీ? సైరన్ వినపడింది. ఇంకా రాలేదేంటా అనుకుంటన్నాను."

"అమ్మా... నాగబాబు పోయేడమ్మా."

"ఆయ్, పోయేడండి. కూర్చోండి, చెయ్యి కడుక్కుని టీ పెడతాను."

"అది కాదమ్మా. నిజంగా పోయేడు."

"పోయినసారీ నిజంలాగే చెప్పేరు కదండీ? ఈసారి నేనేడవను బాబూ. అప్పుడు ఏడ్చినందుకు మూడ్రోజులు తలనొప్పి." తలెత్తి అతని కళ్ళవంక చూసింది. "అబ్బో, మీరే ఏడిచేస్తన్నారే! మా ఆయన దగ్గర బాగా నేర్చేరండి."

సత్తిరాజు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వీరవేణి కాసేపు నవ్వింది. తర్వాత ఏమనుకుందో, నవ్వడం ఆపి, "అవున్లెండి, కన్నీళ్ళు రాలాలి కదా. గండం పోవాలంటే ఉత్తినే కుదరదు" అంది. ఉప్పు చేతి వేలు రెండు కళ్ళకీ ఆనించుకుంది. మంటకి నీళ్ళు బొటబొటా కారాయి. "చాలాండీ?" అనడిగింది.

మొగుడి ఆయుష్షు కోసం ఉప్పుపెట్టుకుని ఏడుస్తున్న ఆ మనిషి ముందు సత్తిరాజు కూలబడిపోయాడు.

నాగబాబుని తెచ్చిన వ్యాను వచ్చి ఆగినప్పుడు కూడా ఆవిడ నమ్మలేదు. "లే, ఇంక చాల్లే, అందరూ చూసేరు" అని భుజం కుదిపింది. ఒళ్ళు చల్లగా ఉంది. ఐసు దగ్గర పనిచేసే మనిషి, ఒళ్ళెప్పుడూ చల్లగానే ఉండేది. చుట్టుపక్కలవాళ్ళు ఏడుస్తుంటే కసురుకుంది. చివరికి వంగి, ఆటపట్టిస్తున్నట్టు రెండు వేళ్ళతో అతని కనురెప్ప ఎత్తి చూసింది. కింద నల్లగుడ్డు లేదు, అంతా కాలి, పాలమీగడలా తెల్లబడిపోయి ఉంది. అప్పుడు ఆవిడ వేసిన కేక ఏటికి అవతలి రేవులో వినపడిందంటారు.

కథ అంతటితో అయిపోతే సత్తిరాజు ఏడ్చి, కొన్నాళ్ళకి తేరుకునేవాడేమో. అయిపోలేదు. నాలుగో రోజు నుంచి ఊళ్ళో ఒకే ప్రశ్న మొదలయింది. అందరూ బయటికి పరిగెత్తితే నాగబాబు లోపలికి ఎందుకు పరిగెత్తాడు? పోయినేడు శవం వేషం ఆవరణలో వేశాడు, అది అందరికీ తెలుసు. ట్యాంకు దగ్గర వాడికేం పని? ఐసు లాగేవాడు అక్కడికి వెళ్ళకూడదు, అక్కడేమో జాయింటు బోల్టు ఊడి పడి ఉంది, వాడే తీసుంటాడన్నారు. పోలీసులు వచ్చి ఇల్లు రెండుసార్లు సోదా చేశారు. లామినేషన్ చేసిన ఫొటో పట్టుకెళ్ళారు. నాగబాబు తమ్ముడు వెంకన్నకి సముద్రం మీద చేపల వేటకెళ్ళే గుర్తింపుకార్డు ఇవ్వకుండా ఆపేశారు. వీరవేణి దగ్గర ఎండుచేపలు కొనేవాళ్ళు పక్కసందులోంచి పోవడం మొదలుపెట్టారు. చూస్తూండగానే నాగబాబు కుట్రదారుడైపోయాడు.

సత్తిరాజు ప్రసాద్ గదిలోకి వెళ్ళి, "బాబుగారూ, కవరు తీసి చూపించేద్దామండి. అందులో ఉంది కదా" అన్నాడు.

ప్రసాద్ తలుపు మూసొచ్చాడు. "అది రహస్య పత్రం, సత్తిరాజు గారూ. బయటపెడితే మీరూ నేనూ జైలుకే. పైగా అందులో ఏముంది? ఫలానా మనిషి ఫలానా చోట పడుకోవాలని మీ చేత్తో రాసుంది. చంపింది ఎవరని అడిగితే ఏం చెప్తారు?" అన్నాడు. మళ్ళీ మెత్తగా, "చనిపోయినవాడికి పేరెలా పోతే ఏంటండీ? బతికున్నవాళ్ళం కదా మనం" అన్నాడు.

సత్తిరాజు బయటికి వచ్చేశాడు. పిరికివాడా అంటే పిరికివాడే. కానీ ఆ పిరికితనానికి ఖరీదు రోజూ కట్టుకున్నాడు. అన్నంలో అమ్మోనియా వాసన. రామలక్ష్మి కట్టుకున్న ఉతికిన చీరలో అదే వాసన. నెలకోసారి సైరన్ పనిచేస్తోందో లేదోనని నొక్కి చూడాలి. నొక్కిన ప్రతిసారీ భుజాన్ని రాసుకుంటూ ఒక మనిషి లోపలికి వెళ్ళినట్టు చల్లటి గాలి తగిలేది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండేవారు కాదు. కొత్త జాయింటు వేసి, నేలంతా కడిగి ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచాక, ట్యాంకు పక్కనుంచి అందరూ మామూలుగా నడిచి పోతూనే ఉన్నారు. సత్తిరాజు ఒక్కడే అక్కడికి రాగానే ఆగి, గోడకి వీపు ఆనించి, పాదాలు అడ్డంగా వేసుకుంటూ దాటేవాడు. కాలు తగులుతుందేమోనని భయం. తగిలితే వాడు, "వచ్చేరాండీ? లేవచ్చా?" అనడుగుతాడేమోనని ఇంకా భయం.

వీరవేణి ఒక్కసారి వచ్చింది ఇంటికి. లోపలికి రమ్మన్నా రాలేదు, వాకిట్లోనే నిలబడింది.

"బాబాయ్ గారూ, ఆయన ఎందుకెళ్ళేడో మీకేమైనా తెలుసాండీ? నాకు తెలియకుండా ఆయన ఎప్పుడూ ఏదీ చెయ్యలేదు. అందరూ అంటంటే... మొన్న నాక్కూడా అనుమానమొచ్చిందండి. నా మొగుణ్ణి నేనే అనుమానించేను. ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను."

"తెలీదమ్మా" అన్నాడు సత్తిరాజు. ఆ ముక్క అని ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆశ్వయుజం వచ్చాక కాకినాడ నుంచి విచారణాధికారి వచ్చింది. దుర్గాశ్రీ గారని, నలభై ఏళ్ళుంటాయి, తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడ రాసిందే చివరి మాట. అది పైకి వెళితే నాగబాబు పేరు పక్కన ఏ ముద్ర పడుతుందో అదే ఉంటుంది, వాడి పిల్లల స్కూలు కాగితాల దాకా. ఉదయం నుంచి కాగితాలు చూసి, ప్రసాద్ చెప్పింది రాసుకుంది. వీరవేణిని కూడా వాంగ్మూలానికి పిలిచారుగానీ, కార్డు లేదని గేటు బయటే నిలబెట్టారు. పదిన్నరకి దుర్గాశ్రీ, "ఆ చోటు చూపించండి" అంది. ప్రసాద్ ముందు, ఆవిడ వెనక, ఆవిడ గుమాస్తా, చివర సత్తిరాజు.

ప్రసాద్ ఆ నేల మీంచే నడిచిపోయాడు. ఆవిడా నడిచింది. సత్తిరాజు ఆగి, గోడకి అంటుకుని, అడ్డంగా పాదాలు జరుపుకుంటూ వస్తున్నాడు. దుర్గాశ్రీ వెనక్కి తిరిగి చూసింది.

"ఏంటండీ అక్కడ? తడిగా ఉందా?"

"లేదండి."

"మరి ఎవరున్నారని తప్పుకుంటున్నారు?"

సత్తిరాజు ప్రసాద్ వంక చూశాడు. ప్రసాద్ కళ్ళతోనే వద్దన్నాడు. అప్పుడతనికి ఏమయిందో, దుర్గాశ్రీ వైపు తిరిగాడు. "మేడమ్ గారూ, గేటు దగ్గర వీరవేణి అని ఒకావిడ ఉంది. కార్డు లేదు. ఆవిడ్ని లోపలికి రానిస్తే చెప్తానండి. ఆవిడ వినకపోతే నేను చెప్పినా చెప్పనట్టే" అన్నాడు.

"సత్తిరాజు గారూ!" అన్నాడు ప్రసాద్.

"రానివ్వండి" అంది దుర్గాశ్రీ.

వీరవేణి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్ళలో ఆవిడ ఆ చోటు చూడలేదు. సత్తిరాజు చెప్పులు విడిచాడు. వెళ్ళి ట్యాంకుకీ గోడకీ మధ్య నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు చాపి, చేతులు వదిలేసి, తల పక్కకి వాల్చాడు. గుమాస్తా నవ్వబోయి, మానుకున్నాడు.

"ఇలాగండి. ఇలా పడుకోమన్నది నేను. సైరన్ మోగితే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి పడుకోమని, ఎవరు పిలిచినా లేవద్దని చెప్పేను. పరీక్ష కోసం. రహస్యమన్నాను, పెళ్ళానికి కూడా చెప్పద్దన్నాను. చెప్పలేదు. కవరులో నా చేతిరాతే ఉంది, తెప్పించుకోండి. ఆవేళ పరీక్ష కాదని చెప్పడానికి నా దగ్గర వేరే సైరన్ లేదండి. నేనే నొక్కేను. వాడు బోల్టు తీయడానికి రాలేదు. పనిలోకొచ్చేడు."

అక్కడిదాకా చెప్పి ఆగిపోయాడు. వాల్చిన తల ఏవైపుందో ఆవైపు చూపు పోయింది. ఆ నేల మీద అతనెప్పుడూ పడుకుని చూడలేదు. పడుకోబెట్టాడంతే. అక్కణ్ణుంచి స్విచ్చిగది అద్దం తిన్నగా కనిపిస్తోంది. లోపల గోడకి తగిలించిన క్యాలెండరులో అంకెలతో సహా కనిపిస్తోంది.

"అయ్యో!" అన్నాడు. "అయ్యయ్యో! చూసేడండి నన్ను. నేను అద్దం బాదడం ఓరకంట చూసేడు. లెమ్మని మొత్తుకుంటుంటే, పిలిచినా లేవకూడదన్నాను కదా, నేను పరీక్ష చేస్తున్నాననుకున్నాడు. నేనొచ్చి భుజం తడతానని చూసేడు. నేను ఆ గుమ్మందాకా వచ్చేనండి. వీరవేణి నిలబడిందే, అక్కడిదాకా. పొగొచ్చింది. వెనక్కి పోయేను. వాడు చూస్తుండగా వెనక్కి పోయేను."

దుర్గాశ్రీ గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో. విధి నిర్వహణలో ఉండగా అని రాయి" అంది. ప్రసాద్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

వీరవేణి గుమ్మంలోంచి నడిచి వచ్చింది. ఆ పన్నెండడుగులూ వచ్చి, సత్తిరాజు తల దగ్గర చతికిలబడింది. అద్దం వైపు చూసింది. నేల వైపు చూసింది. సిమెంటు మీద అరచెయ్యి ఆనించింది. ఆవిడ కొడుతుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"లేవండి బాబాయ్ గారూ" అంది. "అది ఆయన చోటు."

సత్తిరాజు లేవబోయాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి సాయం కోసం చాపాడు. ఎవరూ అందుకోలేదు.